రివర్ట్ అంటే జవాబా, రద్దా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు అనుకుందాం. కడప నుంచో గుంటూరు నుంచో వచ్చి అక్కడ పనిచేస్తున్న అమ్మాయి అమెరికాలో ఉన్న క్లయింటుకు మెయిల్ రాస్తుంది. ప్రోగ్రాములో ఫలానా మార్పు చేశామని వివరంగా చెప్పి, చివర ‘ప్లీజ్ రివర్ట్’ అని ముగిస్తుంది. చూసి జవాబివ్వండి అని ఆమె ఉద్దేశం. అవతల చదివినవాళ్ళకు మాత్రం అది ‘ఆ మార్పు తీసేసి పాత స్థితికి వెళ్ళండి’ అన్నట్టు వినిపిస్తుంది. వాళ్ళు నిజంగానే తీసేస్తే ఒక రోజు పని పోయినట్టే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. రివర్ట్ అన్న మాటకు ఇంగ్లిష్‌లో మొదటి నుంచీ ఉన్న అర్థం వెనకటి స్థితికి తిరిగి వెళ్ళడం. కొంతకాలానికి ఇచ్చిన ఆస్తి గడువు తీరాక అసలు యజమానికి తిరిగి చేరితే చట్టం ఈ మాటే వాడుతుంది. మానేసిన అలవాటు మళ్ళీ మొదలుపెట్టినా రివర్టే. ప్రోగ్రామర్లు రోజూ వాడే గిట్ అనే పరికరంలో ఇది ఏకంగా ఒక ఆజ్ఞ: చేసిన మార్పును రద్దు చేయమని. ఇక మన దేశంలోనూ, సింగపూర్, మలేసియాల్లోనూ ఆఫీసు ఉత్తరాల్లో ఇదే మాట ‘జవాబివ్వడం’ అన్న అర్థంలో స్థిరపడిపోయింది. మన వాడుక మన దగ్గర సరైనదే. అయితే ఒకే గదిలో, ఒకే పూట, ఒకే మనిషి ఈ మాటను రెండు అర్థాల్లోనూ వాడాల్సి వచ్చే ఊరు బెంగళూరు. అందుకే అక్కడికి ఉద్యోగానికి వెళ్ళే మన పిల్లలకు గ్రామర్ పుస్తకం కన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది: ఏ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు ఎలా వింటారు అన్నది. జవాబు కావాలంటే ‘ప్లీజ్ రిప్లై’ అంటే చాలు, ప్రపంచమంతా ఒకేలా అర్థం చేసుకుంటుంది.

బెంగళూరులో వినిపించే ఇంగ్లిష్ ఒక్క ఇంగ్లిష్ కాదు. అడుగున కంపెనీ దొరల నాటి ఇంగ్లిష్ ఉంది. దానిమీద తెలుగు, కన్నడ, తమిళాల అచ్చులో పోసుకున్న మన ఇంగ్లిష్ ఉంది. ఆపైన 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంటి సంస్థలు రావడం మొదలైనప్పటి నుంచీ పేరుకుంటూ వచ్చిన అమెరికన్ ఆఫీసు ఇంగ్లిష్ ఉంది.

పాత పొరతో మొదలుపెడదాం. బ్రిటిష్ సైన్యం శ్రీరంగపట్నం నుంచి బెంగళూరుకు మకాం మార్చి 1809లో కంటోన్మెంట్ కట్టుకుంది. అప్పటి నుంచి చాలాకాలం ఊరు రెండుగా బతికింది: ఒకటి పేట, ఒకటి దండు. చిక్కపేట వైపు కన్నడ, తెలుగు, ఉర్దూ. దండు వైపు ఇంగ్లిష్, తమిళం. దొరలు నివాసమున్న చోటును ‘స్టేషన్’ అనేవారు. అధికారి ఊళ్ళో లేకపోతే ‘అవుట్ ఆఫ్ స్టేషన్’. దొరలు వెళ్ళిపోయారు, మాట ఉండిపోయింది. ఇవాళ లండన్‌లో ఎవరితోనైనా ‘ఐయామ్ అవుట్ ఆఫ్ స్టేషన్’ అంటే రైల్వే స్టేషన్ బయట నిలబడి ఉన్నామనుకుంటారు. వాళ్ళకు ‘అవుట్ ఆఫ్ టౌన్’ అనో ‘ఐయామ్ అవే’ అనో చెప్పాలి.

‘డూ ది నీడ్‌ఫుల్’ కూడా ఆ కాలపు మాటే. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ వర్తకులూ, వకీళ్ళూ మామూలుగా రాసుకున్నదే. అక్కడ అది పాతబడి రాలిపోయింది, మన దస్త్రాల్లో నిలిచింది. దీన్ని చూసి నవ్వేవాళ్ళు ఎక్కువయ్యారు గానీ, నాకు ఇందులో నవ్వవలసినదేమీ కనిపించదు. కర్ణాటక ప్రభుత్వ కార్యాలయానికో, బ్యాంకు మేనేజరుకో రాసే అర్జీలో అది మర్యాదగా ఒదిగిపోతుంది. చిక్కు ఎక్కడంటే, ‘కావలసినది చేయండి’ అంటాం గానీ కావలసినది ఏమిటో చెప్పం. విదేశీ క్లయింటుకు అలా రాస్తే ఏం చేయాలో తెలియక ఊరుకుంటాడు. ఫలానా ఫైలు శుక్రవారంలోగా పంపండి అని ఉన్నదున్నట్టు రాస్తే ఆ మాట అవసరమే రాదు.

‘పాసవుట్’ కథ కొంచెం వేరు. మనం ‘2019లో పాసవుట్ అయ్యాను’ అంటే చదువు పూర్తయిందని. బయటి దేశాల్లో అది స్పృహ తప్పి పడిపోవడం. మరి మనకు ఆ అర్థం ఎక్కడిది? బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని పాసింగ్ అవుట్ అంటారు. బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో కొత్త సిపాయిలకు ఇప్పటికీ పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది. మనవాళ్ళు దాన్ని కాలేజీకి అన్వయించుకున్నారు. అన్వయం బాగానే ఉంది, ఇంటర్వ్యూలో మాత్రం ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.

టిఫిన్ సంగతి చెప్పకపోతే బెంగళూరు నొచ్చుకుంటుంది. గుక్క వేయడం అనే అర్థం ఉన్న పాత ఇంగ్లిష్ యాస మాట నుంచి పుట్టి, ఇక్కడి దొరల నోట మధ్యాహ్నపు చిరుతిండిగా మారి, చివరికి దక్షిణాదిలో ఇడ్లీ, దోసెలకు పేరై కూర్చుంది. 1924లో మొదలైన ఎంటీఆర్ పేరులోని ‘టి’ అదే: మావళ్ళి టిఫిన్ రూమ్స్. ఇంగ్లండ్‌లో ఈ మాట దాదాపు వాడుకలోంచి పోయింది.

ఇక రెండో పొర. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. ఈ పొరలోని మాటలను మన బళ్ళలో ‘తప్పులు’ అని ఎర్ర సిరాతో కొట్టేస్తారు. నిజానికి ఇవి తెలుగు వాక్యం వేసుకున్న ఇంగ్లిష్ బట్టలు.

‘ఐయామ్ హియర్ ఓన్లీ’ అంటాం. ‘ఇక్కడే ఉన్నాను’ అనడంలో మనకు చివరి ‘ఏ’ ముఖ్యం. కన్నడంవాళ్ళకూ అంతే, ‘ఇల్లే’ అంటారు. ఒక అచ్చుతో మనం మాటకు బలం ఇస్తాం. ఇంగ్లిష్‌కు ఆ తోక లేదు. వాళ్ళు గొంతు ఒత్తి పలికో, వాక్యాన్ని అటూ ఇటూ మార్చో ఆ పని చేసుకుంటారు. తోక కోసం వెతికిన మనకు ‘ఓన్లీ’ దొరికింది. తెలుగువాడు, కన్నడిగుడు మాట్లాడుకుంటే ఇద్దరికీ చక్కగా అర్థమవుతుంది. ‘వియ్ సెంట్ ఇట్ ఆన్ మండే ఓన్లీ’ అని అమెరికావాళ్ళకు రాస్తేనే తేడా వస్తుంది. మనం చెప్పదలచింది ‘సోమవారమే పంపేశాం, ఆలస్యం మాది కాదు’ అని. వాళ్ళు చదివేది ‘సోమవారం ఒక్కరోజే పంపాం’ అనో, ‘సోమవారం దాకా పంపలేదు’ అనో. మన వాదన మనకే అడ్డం తిరుగుతుంది. అక్కడ ‘ఆల్‌రెడీ’ అన్న మాట సరిపోతుంది: ‘వియ్ ఆల్‌రెడీ సెంట్ ఇట్ ఆన్ మండే’.

‘హూ ఆల్ కేమ్?’ అన్న ప్రశ్నలో ‘ఎవరెవరు వచ్చారు’ ఉంది. ‘ఎవరెవరు’ అన్నప్పుడు వచ్చింది ఒక్కరు కాదని అడిగేవాళ్ళకు ముందే తెలుసు. ఇంగ్లిష్‌లో ఉత్త ‘హూ కేమ్’ అంటే ఆ సంగతి చెప్పినట్టు కాదు. ‘హాట్ హాట్ కాఫీ’లో వేడివేడి కాఫీ ఉంది. ‘సింప్లీ ఐ కేమ్’లో ‘ఊరికే వచ్చాను’ ఉంది; పనేమీ లేకుండా ఒక ఇంటికి వెళ్ళడం మనకు సహజం కాబట్టి దానికి ఒక మాట కావలసి వచ్చింది. ‘విల్ గో అండ్ కమ్’లో వెళ్ళొస్తాను ఉంది.

‘కజిన్ బ్రదర్’ గురించి కాస్త నిలబడాలి. ఇంగ్లిష్ టీచర్లు ‘కజిన్’ అంటే చాలదా, ‘బ్రదర్’ ఎందుకని అడుగుతారు. చాలదు. పెదనాన్న కొడుకు మనకు అన్న. మేనమామ కొడుకు బావ. ఒకరు తోబుట్టువుతో సమానం, ఇంకొకరితో పెళ్ళి మాట నడిచే వరస. ఇంగ్లిష్ ‘కజిన్’ ఈ ఇద్దరినీ ఒకే సంచీలో వేస్తుంది. మన చుట్టరికంలో ఇంత దూరమున్న ఇద్దరిని ఒకే పేరుతో పిలవడానికి నోరు రాక, మనవాళ్ళు ‘బ్రదర్’ చేర్చి గీత గీశారు. విదేశీయుడికి ఆ గీతతో పనిలేదు, వాళ్ళ ముందు ‘కజిన్’ అనేయొచ్చు. మన మధ్య మాత్రం ఆ మాటను కొట్టేయమని ఎవరికీ చెప్పను.

‘డౌట్’ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. క్లాసులో చెయ్యెత్తి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు సందేహం, అంటే అడగవలసిన ప్రశ్న. బయటివాళ్ళ చెవికి అది నమ్మకం లేకపోవడం. మీటింగులో ఒకరు పథకం వివరించగానే అలా అంటే ‘మీరు చెప్పేది నేను నమ్మడం లేదు’ అన్నట్టే. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చిన్న మాటల్లో ఉంది: అవును, కాదు. ‘ఫైలు పంపలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవును, పంపలేదు’ అనొచ్చు. అడిగినవాళ్ళ మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో ‘హావెంట్ యూ సెంట్ ది ఫైల్?’ అన్నప్పుడు ‘యెస్’ అంటే పంపేశానని అర్థం. పంపకపోతే ‘నో’ అనాలి. మనం ప్రశ్నతో ఏకీభవిస్తాం, వాళ్ళు జరిగినదాన్ని బట్టి చెబుతారు. ఫోన్‌లో ఈ ఒక్క ‘యెస్’ వల్ల అవతలివాళ్ళు రాని ఫైలు కోసం గంటలు వెతికే పరిస్థితి వస్తుంది. దీనికి ఒకే మందు: ‘లేదా?’ అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒక్క మాటతో జవాబు చెప్పకండి. ‘నో, ఐ హావెంట్ సెంట్ ఇట్ యెట్’ అని పూర్తి వాక్యం చెప్పండి.

బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల్లో వేలమంది తెలుగు పిల్లలు ఉంటున్నారు. ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అని ఒకరినొకరు అడుగుతారు. ‘ఎక్కడ ఉంటున్నావు’ అన్నదే అది. ఇంగ్లిష్‌లో ‘స్టే’ అంటే మామూలుగా నాలుగు రోజుల మకాం, ‘లివ్’ అంటే కాపురం. అయిదేళ్ళుగా ఉంటున్నచోట ‘స్టేయింగ్’ అంటే విన్నవాళ్ళు అతిథిగా వచ్చారనుకుంటారు. పీజీ అన్నదే చూడండి. అద్దె చెల్లిస్తూ ఒక ఇంట్లో అతిథిలా ఉండే మనిషికి బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన మర్యాద పేరు ‘పేయింగ్ గెస్ట్’. బెంగళూరులో అది మనిషిని వదిలి భవనానికి అంటుకుంది. మంచాలు వరసగా వేసిన నాలుగంతస్తుల మేడే పీజీ అయింది. ఇక ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ బెంగళూరు బస్సు ఎక్కిన మొదటి రోజే వినపడుతుంది. ఇంగ్లిష్‌లో అడ్జస్ట్ చేసేది ఎక్కువగా అద్దాన్నో, కుర్చీనో, గడియారాన్నో. ఇక్కడ అడ్జస్ట్ కావలసింది మనిషి: కాస్త జరగండి, కాస్త ఓర్చుకోండి.

మన సృష్టిలో నాకు గర్వంగా అనిపించే మాట ‘ప్రీపోన్’. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఎందుకు ఉండకూడదన్నది న్యాయమైన ప్రశ్న. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు దీన్ని చేర్చుకుని పక్కన ఇండియన్ ఇంగ్లిష్ అని గుర్తు పెట్టాయి. దీని బదులు బయటివాళ్ళు వాడే పద్ధతి ఎంత అస్పష్టమో చూడండి. బుధవారం మీటింగును రెండు రోజులు ‘మూవ్డ్ ఫార్వర్డ్’ అంటే అది సోమవారమా, శుక్రవారమా? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళను ఇదే ప్రశ్న అడిగి చూశారు. ఇంచుమించు సగం మంది సోమవారం అన్నారు, సగం మంది శుక్రవారం అన్నారు. ప్రీపోన్‌తో ఈ గొడవ లేదు. ఆ మాట తెలియని క్లయింటుకు రాసేటప్పుడు కొత్త రోజు పేరే రాసేయడం మేలు: ‘ది మీటింగ్ ఈజ్ నౌ ఆన్ మండే’.

మూడో పొరలోకి వస్తే, అక్కడ సగం మాటలు బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చినవే. ‘టచ్ బేస్’ అంటే ఒకసారి మాట్లాడుకోవడం. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే సుమారు లెక్క; ధర ‘బాల్‌పార్క్‌లో చెప్పండి’ అంటే కచ్చితమైన పైసలు అడగడం లేదు, దరిదాపు చెప్పమని. ‘స్టెప్ అప్ టు ది ప్లేట్’ అంటే బాధ్యత తలకెత్తుకోవడం. ‘కర్వ్‌బాల్’ అంటే ఊహించని చిక్కు, మనవాళ్ళు గూగ్లీ అన్నట్టు. తిరగేసి చూడండి: చిన్నస్వామి క్రికెట్ స్టేడియం ఉన్న ఊళ్ళో ‘స్టిక్కీ వికెట్’, ‘బ్యాక్‌ఫుట్ మీద ఉన్నాం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. చాలామంది అమెరికన్లకు తెలియదు. ఆట తెలియనివాళ్ళకు ఆటలో పుట్టిన నుడికారం చీకటే.

బెంచ్ మీద ఉన్నాడు అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఉద్యోగి. జట్టులో ఉండి ఆడే అవకాశం రాక బల్ల మీద కూర్చున్న ఆటగాడి నుంచి వచ్చింది. బ్యాండ్‌విడ్త్ రేడియో తరంగాల లెక్క నుంచి వచ్చి, మనిషికి ఉన్న తీరికగా మారింది. ‘డెడ్‌లైన్’ పుట్టుక భయంకరమైనది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 ప్రాంతంలో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో ఖైదీలు దాటకూడని హద్దు అది. దాటితే కాల్చివేత. తర్వాత పత్రికాఫీసుల్లోకి వచ్చి గడువుగా మెత్తబడింది.

‘టేబుల్’ అన్న మాటను మాత్రం బల్ల గుద్ది గుర్తు చేయాలి. మన లోక్‌సభలో ఒక పత్రాన్ని టేబుల్ చేశారంటే చర్చకు, పరిశీలనకు ముందుంచారని. బ్రిటన్‌లోనూ అంతే. అమెరికాలో ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. సరిగ్గా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సేనాధిపతులు ఒక పత్రం మీద ఈ మాట వల్లే చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారు, చివరికి ఇద్దరూ కోరేది ఒకటేనని తేలింది. ఆ సంగతి తన యుద్ధ చరిత్రలో రాసిన చర్చిల్, 1896లో బెంగళూరు కంటోన్మెంట్‌కు వచ్చిన కుర్ర సైనికాధికారే. ఇప్పుడు ఒకే వారంలో లండన్ ఆఫీసుతోనూ, టెక్సాస్ ఆఫీసుతోనూ మాట్లాడే బెంగళూరు ఉద్యోగి ఆ మాట విన్న ప్రతిసారీ ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోవాలి. అనుమానం ఉంటే ‘ఇప్పుడు మాట్లాడదామా, తర్వాతనా’ అని అడగడం చిన్నతనం కాదు.

మాటలు ఇటు నుంచి అటూ వెళ్ళాయి. బెంగళూరులో మద్రాస్ సాపర్స్ దళంలో ఉన్న కెప్టెన్ మెక్లింటాక్ 1912లో, ముళ్ళకంచెల కిందికి తోసి పేల్చే పేలుడు గొట్టం తయారు చేశాడు. దాని పేరు బ్యాంగలోర్ టార్పెడో. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో కంచెలు తెగ్గొట్టింది అదే. మళ్ళీ 2000ల మొదట్లో, ఉద్యోగం ఇండియాకు తరలిపోయి వీధిన పడ్డ అమెరికన్ ‘బ్యాంగలోర్డ్’ అయ్యాడన్నారు. మొదటిది సైన్యంలో నిలిచింది, రెండోది వచ్చినంత వేగంగా పలచబడింది. మన తెలుగు పందికొక్కు ‘బాండికూట్’ అయి ఇంగ్లిష్ నిఘంటువుల్లో చేరి, అక్కడి నుంచి ఆస్ట్రేలియా వెళ్ళి ఇంకో జంతువుకు పేరైంది.

మాటలు కలపడం కొత్తా కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం ఇంగ్లిష్ కలపకుండా పట్టుమని పది మాటలు ఆడడు. కన్నడంలో టి.పి. కైలాసం నాటకాల్లోనూ పాత్రలు అలాగే మాట్లాడతాయి. ఇద్దరు రచయితలూ ఆ కలగలుపును చెవిపెట్టి విన్నారు కాబట్టే అంత సహజంగా పట్టుకోగలిగారు.

మన బళ్ళలో నుడికారాలు నేర్పే తీరే నాకు నచ్చదు. పట్టిక ఇచ్చి కంఠస్థం చేయిస్తారు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ప్రతి పిల్లవాడికీ వచ్చు. ఇప్పటి ఇంగ్లిష్‌వాళ్ళ రోజువారీ మాటల్లో అది అరుదు, కుండపోతగా కురిస్తే ‘ఇట్స్ పోరింగ్’ అంటారు. నుడికారాన్ని విడదీసి కలిపితే అర్థం రాదన్న ఒక్క సంగతి తెలుగుతోనే చెబితే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ‘నీళ్ళు నమిలాడు’ అంటాం. నీళ్ళు ఎవరూ నమలరు, జవాబు చెప్పలేక తడబడ్డాడని మనకు తెలుసు. అవతలి భాషలోనూ అలాంటివి ఉంటాయి, వాటిని మనుషుల మధ్య వినాలి. ఉపాధ్యాయులకు ఇంగ్లిష్ బోధన నేర్పే రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, సౌత్ ఇండియా 1963 నుంచి బెంగళూరులోనే ఉంది. మన సర్కారు బడి టీచర్లు కొందరు అక్కడికి వెళ్ళి శిక్షణ పొందినవాళ్ళే. వాళ్ళు తిరిగొచ్చి పట్టికలు పక్కన పెట్టి పిల్లలతో మాట్లాడితే అంతకన్నా కావలసింది లేదు.

నిఘంటువు తెరిచినప్పుడు అర్థం దగ్గరే ఆగిపోకండి. పక్కన చిన్న అక్షరాల్లో ఒక గుర్తు ఉంటుంది: ఇండియన్ ఇంగ్లిష్ అనో, నార్త్ అమెరికన్ అనో, పాతబడిన మాట అనో. ఆ గుర్తు అర్థమంత ముఖ్యం. ‘గోడౌన్’ మన దగ్గర చెల్లుతుంది, అమెరికాకు ‘వేర్‌హౌస్’ రాయాలి. ‘ఫోర్ట్‌నైట్’ బ్రిటన్‌లో అందరికీ తెలుసు, అమెరికాకు ‘టూ వీక్స్’. లక్ష, కోటి అన్నవాటిని మిలియన్లలోకి మార్చి రాయాలి. తేదీలో నెలను అంకెలో కాక అక్షరాల్లో రాయాలి. 03/04 అని రాస్తే మనం ఏప్రిల్ 3 అనుకుంటాం, అమెరికావాళ్ళు మార్చి 4 అని చదువుకుని నెల ముందే ఎదురుచూడటం మొదలుపెడతారు.